అద్దాల తలుపు ఆఫీసులో సంధ్యారాణి

సంధ్యారాణికి చిన్నప్పటి నుంచీ అసహ్యం ఎక్కువ. సూరత్‌ నగరంలోని డిండోలిలో వాళ్ళుండే లైను గదుల్లో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. గదులన్నింటికీ కలిపి ఉన్న మరుగుదొడ్లకు ఆ పిల్ల తన మగ్గు తానే పట్టుకెళ్ళేది, సబ్బుపెట్టె విడిగా దాచుకునేది. ఎవరైనా గ్లాసు కడిగి ఇచ్చినా తన చేత్తో మళ్ళీ కడుక్కుంటే గానీ నోటికి ఆనించేది కాదు. పక్కింటివాళ్ళ పెళ్ళిలో వడ్డించే మనిషి ఎంగిలి చేత్తోనే గరిటె పట్టుకోవడం కంటబడి, ఆకలితోనే విస్తరి ముందునుంచి లేచి వచ్చేసింది ఒకసారి. చుట్టుపక్కల ఆడవాళ్ళు మహారాణి అని పేరుపెట్టి నవ్వుకునేవారు. తల్లి సారక్క మాత్రం నవ్వేది కాదు. "ఏం జేస్తం, దాని కడుపే గట్ల. ఊకె తిప్పుతది" అనేది.

తండ్రి సోమలింగం సిరిసిల్ల దిక్కు నుంచి పెళ్ళికి ముందే సూరత్ వచ్చి, ఉధనాలో మరమగ్గాల మీద పనిచేస్తున్నాడు. షిఫ్టు పాళీ దిగి ఇంటికొచ్చేసరికి ఒంటినిండా మగ్గం నూనె, చెమట, దారప్పొడి కలిసి ఒక రకమైన వాసన వేసేవాడు. చెవుల్లో, కనుబొమల్లో తెల్లటి నూగు ఉండేది. ఆ వాసనంటే సంధ్యారాణికి అసలు పడేది కాదు. పదో తరగతిలో ఉండగా తండ్రి బట్టలకని వేరే బకెట్టు కొని తెచ్చి, గుమ్మం బయట పెట్టింది. "బాపూ, ఇగ నుంచి నీ బట్టలు ఇందుల ఎయ్యి. తానం జేసినంకనే లోపలికి రా" అంది. సోమలింగం ఆ బకెట్టు వంక చూసి, అక్కడే చొక్కా విప్పాడు. ఆ రోజు నుంచీ చలికాలమైనా సరే, బయట స్నానం చేశాకే గడప దాటేవాడు. కూతురు చదువుకుంటోంది గదా, చదువుకునే వాళ్ళకు ఇట్లాంటివి ఉంటాయనుకున్నాడో ఏమో.

ఆ పిల్ల కామర్సు చదువులో చేరడానికి కూడా ఈ అసహ్యమే కారణం. ఒక వేసవిలో తల్లి వెంట బ్యాంకుకు వెళ్ళింది. సారక్క ఇంట్లో కూర్చుని చీరలకు మెరుపు రాళ్ళు అతికిస్తుంది. వేళ్ళకు ఎప్పుడూ గోందు ఎండిపోయి ఉంటుంది. ఆ వేళ్ళతో తల్లి వేలిముద్ర పడక అవస్థపడుతుంటే, సంధ్యారాణి అద్దం వెనక కూర్చున్న ఉద్యోగిని చేతుల వంక చూస్తూ ఉండిపోయింది. పొడిగా, తెల్లగా, ఏ మరకా లేని చేతులు. చల్లటి గాలి వస్తోంది. గోడలు పాలలా ఉన్నాయి. లెక్కలు చూసే పనివాళ్ళు ఇంత శుభ్రంగా బతుకుతారన్నమాట అని ఆమె మనసులో పడిపోయింది. పన్నెండో తరగతి కాగానే ఇంకో మాట లేకుండా బీకాంలో చేరింది.

రెండో ఏడు పరీక్షలయ్యాక కాలేజీ వాళ్ళు, సెలవుల్లో ప్రతి విద్యార్థీ ఏదో ఒక ఆఫీసులో నెల రోజులు పనిచేసి సర్టిఫికెట్ తేవాలన్నారు. ఆఫీసు ఎవరిది వాళ్ళే వెతుక్కోవాలి. మార్కెట్లో కొట్లున్నవాళ్ళ పిల్లలకు ఒక్క ఫోనుతో పని అయిపోయింది. సంధ్యారాణి ఎండలో మెట్లెక్కి దిగీ, దిగి ఎక్కీ, ఎన్నిచోట్ల అడిగినా ఖాళీ లేదన్నారు. చివరికి పర్వత్ పాటియా దగ్గర ఒక కాంప్లెక్సులో, మూడో అంతస్తులో ఉన్న అకౌంటింగ్ ఆఫీసులో యజమాని ధీరజ్ భాయ్ ఆమెను కూర్చోబెట్టి హిందీలో అడిగాడు.

"మీ నాన్న ఏం చేస్తాడు?"

"మగ్గాల మీద పనిచేస్తారు."

"ఏ ఊరివాళ్ళు?"

చెప్పింది. ఆయన ముఖం విప్పారింది. "అంటే తెలుగు వచ్చన్నమాట. రేపటి నుంచి వచ్చెయ్ బేటా."

తెలుగు రావడం అకౌంట్లకు ఎందుకు పనికొస్తుందో అప్పుడామెకు తట్టలేదు. అద్దాల తలుపు తోసుకుని బయటికి వస్తుంటే లోపలి నుంచి గులాబీ వాసన వచ్చింది. ఆ వాసన ఆమెకు ఎంత నచ్చిందంటే, ఇంటికి వెళ్ళి తల్లికి ముందు ఆ మాటే చెప్పింది. మొదటి రోజున సారక్క కూతురి చుడీదార్‌ను పక్కింటి ఇస్త్రీపెట్టె తెచ్చి మడత నలగకుండా ఇస్త్రీ చేసి ఇచ్చింది. సోమలింగం రాత్రి పాళీ దిగి వచ్చి, నిద్రపోకుండా బస్‌స్టాపు దాకా దిగబెట్టాడు. పక్కన కాదు, నాలుగడుగులు వెనక నడిచాడు. ఇంకా స్నానం చేయలేదు మరి.

ఆఫీసులో ఆమెకు హేతల్ బెన్ అనే ఉద్యోగిని పక్కన కుర్చీ వేశారు. హేతల్ బెన్ నెమ్మదస్తురాలు, పెద్దగా మాట్లాడదు. పొద్దస్తమానం బిల్లులు కంప్యూటర్‌లోకి ఎక్కించడమే ఆమె పని. ఆమెకు ఎదురుగా కేతన్. ముప్పై ఏళ్ళుంటాయి, ధీరజ్ భాయ్ తర్వాత అక్కడ అంతా అతనే. మగ్గాల కార్ఖానాల జీతాల లెక్కలు, కార్మికుల కాగితాలు అతను చూస్తాడు.

శుభ్రమైన ఆఫీసు అన్న భ్రమ మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. ధీరజ్ భాయ్ ఒక కాగితాల కట్ట తీసుకొచ్చి ఆమె బల్ల దగ్గరే నిలబడి పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. ప్రతి పేజీకీ చూపుడువేలు నాలుకకు రాసుకుని, ఆ తడితో తిప్పుతున్నాడు. అట్లా కట్టంతా తిప్పి, "వీటిని వరసలో పెట్టు బేటా" అని ఆమె చేతికిచ్చాడు. కాగితాల మూలలు ఇంకా తడిగానే ఉన్నాయి. సంధ్యారాణి గొంతులోకి పుల్లటి నీళ్ళు ఎగదన్నాయి. పెన్సిలు వెనక భాగంతో పేజీలు తిప్పుతుంటే హేతల్ బెన్ చూసి, డ్రాయర్లోంచి వేలికి పెట్టుకునే ఒక పాత రబ్బరు తొడుగు తీసి ఆమె వైపు జరిపింది. అది కూడా ఎవరి వేలిదో అనుకుంటూ సంధ్యారాణి దాన్ని ముట్టుకోలేకపోయింది.

కేతన్ సంగతి ఇంకో రకం. అతనికి మావా అలవాటు. వక్కపలుకులు, పొగాకు, సున్నం ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, అరచేతిలో కరకరమని నలిపి నోట్లో వేసుకుంటాడు. ఇక అప్పటి నుంచి మాట్లాడేటప్పుడు తల పైకెత్తి, పెదవుల మధ్య ఉమ్మి నిలబెట్టుకుని గులగులమని మాట్లాడతాడు. ఉమ్మడానికి బయటికి పోడు. టీ కప్పులు కడిగే సింకే అతనికి ఉమ్మితొట్టి. ఆ సింకు అడుగు ఎర్రగా గడ్డకట్టి, గొట్టం నోటి దగ్గర వక్క తునకలు పేరుకుని ఉండేవి. అందులోనే కప్పులు తొలిచి అందరికీ టీ పోసేవారు. అక్కడ పనిచేసినన్నాళ్ళూ సంధ్యారాణి ఆ ఆఫీసులో ఒక్క గుక్క టీ తాగలేదు. కేతన్ పెన్ను మూతతో చెవిలో తిప్పుకుని, దాన్ని చూసి, ప్యాంటుకు తుడిచి, అదే పెన్ను సంతకం పెట్టమని వచ్చినవాళ్ళ చేతికిస్తుంటే ఆమె తల తిప్పుకునేది.

ఇంటికొచ్చి చెప్తే సారక్క తేలిగ్గా తీసుకుంది. "ఆఫీసు గదా అని మెరిసిపోతది అనుకున్నవా? నెల రోజులేనాయె. ముక్కు మూస్కో."

మూడో రోజునో నాలుగో రోజునో తెలుగు ఎందుకు కావాలో తెలిసింది. కార్ఖానాల నుంచి కార్మికులు కాగితాల పనుల మీద వస్తుంటారు. వాళ్ళలో చాలామంది తెలంగాణ వాళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళకు హిందీ సరిగ్గా రాదు. వాళ్ళను అద్దాల తలుపు బయటే, మెట్ల దగ్గర నిలబెట్టేవారు. అక్కడ ఫ్యాను లేదు. గోడ నడుము ఎత్తు దాకా ఉమ్ములతో ఎర్రబడి ఉంటుంది. కేతన్‌కు బుద్ధి పుట్టినప్పుడు ఒక్కొక్కరినీ లోపలికి పిలుస్తాడు. సంధ్యారాణి పక్కన నిలబడి అతను హిందీలో అన్నది తెలుగులో, వాళ్ళు తెలుగులో అన్నది హిందీలో చెప్పాలి. మనిషి బయటికి పోగానే కేతన్ డ్రాయర్లోంచి గులాబీ స్ప్రే డబ్బా తీసి గాల్లోకి బుస్సుమనిపిస్తాడు. కుర్చీ మీద కూడా ఒకసారి కొడతాడు. ఆ ఆఫీసులో గులాబీ వాసన ఎక్కడిదో ఆమెకు అప్పుడు అర్థమైంది.

రెండు రోజులకు ఆ డబ్బా కూడా ఆమె చేతికిచ్చాడు. "ఇదీ నీ పనే."

సంధ్యారాణి కొట్టింది. ఎంతో కొంత బలవంతం మీద కొట్టిందనుకుంటే పొరపాటు. వచ్చినవాళ్ళ ఒంటి నుంచి వచ్చేది ఆమెకు పుట్టినప్పటి నుంచీ పడని వాసనే. వాళ్ళు వెళ్ళాక తలుపు మూసి, డబ్బా నొక్కి, గులాబీ వాసన కమ్ముకుంటే ఆమెకు హాయిగానే ఉండేది. తాను ఈ బల్లకు ఇవతలి వైపు మనిషినని ఎక్కడో ఒక మూల సంతోషం కూడా కలిగింది.

ఆగయ్య వచ్చేదాకా అట్లాగే గడిచింది.

ఆగయ్య యాభై దాటిన మనిషి. ఎండుపుల్లలా ఉంటాడు, భుజాన పాత తువ్వాలు. మెట్లెక్కి వచ్చి గోడకు చేయి ఆనించి చాలాసేపు దగ్గేవాడు. లోపల కూర్చున్నవాళ్ళకు ముందు దగ్గు వినిపించి, తర్వాత మనిషి కనిపించేవాడు. కార్మికులకు సర్కారు దవాఖానాలో వైద్యం దొరికేందుకు ఇచ్చే ఈఎస్ఐ కార్డులో అతని పేరు నాగయ్య అని పడింది. ఆధార్‌లో ఆగయ్య అని ఉంది. రెండూ కలవక దవాఖానా వాళ్ళు తిప్పి పంపుతున్నారు. ఆ తప్పు కంప్యూటర్‌లో కొట్టింది కేతనే. దిద్దాల్సింది కూడా కేతనే.

అతను తలుపు దగ్గర కనిపించగానే కేతన్ మావా నోటితో, "ఆ గయా, ఆ గయా" అని పాటలా అనేవాడు. హిందీలో వచ్చేశాడు, వచ్చేశాడు అని అర్థం. ఆ హాస్యం అతనికి ఎన్నిసార్లయినా చప్పబడేది కాదు. లోపలి గదిలోంచి ధీరజ్ భాయ్ కూడా నవ్వేవాడు. ఆగయ్య తన పేరు పిలుస్తున్నారనుకుని చేతులు జోడించేవాడు.

మొదటి రోజు అతను సంధ్యారాణి ముఖంలోకి పరీక్షగా చూశాడు.

"నువ్వు మనోళ్ళ పిల్లవా బిడ్డా? ఎవలి బిడ్డవు?"

"సోమలింగం బిడ్డను. డిండోలిల ఉంటం."

"ఉధనాల జేస్తడు, గా సోమలింగమా? మంచిగైంది తీ. మనోళ్ళ పిల్ల కుర్చీల కూసున్నది." అతని ముఖం నిండా సంతోషమే. "గీ కార్డుల పేరు తప్పు పడ్డది. దవాఖాన్ల లోపలికి రానిస్తలేరు. గా సారుకు జర సమజైతట్టు చెప్పు బిడ్డా."

ఆమె చెప్పింది. కేతన్ ఫోన్లో ఏదో వీడియో చూస్తూ, "రేపు రమ్మను" అన్నాడు.

రేపు వచ్చాడు. మళ్ళీ రేపు రమ్మన్నాడు. అట్లా ఎన్ని రేపులు గడిచాయో. వచ్చినప్పుడల్లా ఒక పూట పని పోగొట్టుకుని వస్తున్నాడు. ఒకరోజు ఉండబట్టలేక సంధ్యారాణి అడిగింది. "కేతన్ భాయ్, ఎట్లా చేయాలో చూపించండి, నేనే చేస్తాను."

"పాస్‌వర్డ్ నీకెందుకు ఇస్తాను?" అన్నాడతను. తర్వాత కుర్చీ వెనక్కి వాల్చి తల పైకెత్తి, ఉమ్మి కారకుండా పాఠం చెప్పినట్టు చెప్పాడు. "చూడు, వీళ్ళకు అడగ్గానే చేసిపెడితే రేపటి నుంచి పదిమంది వస్తారు. నాలుగుసార్లు తిరిగితే మనం చేసిన పనికి విలువ తెలుస్తుంది. ఈ లైనులో అది నేర్చుకోవాలి ముందు."

హేతల్ బెన్ కంప్యూటర్‌లోంచి తల ఎత్తలేదు. కీబోర్డు మీద ఆమె వేళ్ళు మాత్రం ఒక్క క్షణం ఆగాయి.

మే నెల చివర్లో ఒకరోజు లిఫ్టు చెడిపోయింది. ఎండకు మెట్ల ఇనుప కమ్మీ పట్టుకుంటే చేయి కాలుతోంది. పొద్దున్నే వచ్చిన ఆగయ్యను కేతన్ బయటే నిలబెట్టాడు. మధ్యలో సంధ్యారాణి తన సీసాలోంచి నీళ్ళు ఇద్దామని లేచింది. సీసా అతను నోటికి ఆనించుకుంటాడేమో అని ఆగింది. తిరిగి కూర్చుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక కేతన్ తేన్చి, "మీ ఆ గయాను పిలువు" అన్నాడు.

ఆగయ్య మెట్ల దగ్గరి ఉక్కలోంచి చల్లటి గదిలోకి వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. ముఖం పాలిపోయి ఉంది. ఆధార్ కార్డు తీసి బల్లమీద పెట్టబోతూ దగ్గు అందుకుంది. ఆ దగ్గు ఆగలేదు. ఒక్కసారి ముందుకు వంగి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకునేలోపే భళ్ళున కక్కుకున్నాడు. తిండి ఏమీ లేదు, పసుపచ్చటి నీళ్ళు, జిగట. కొంత నేల మీద, కొంత అతని కాళ్ళ మీద, కొంత సంధ్యారాణి చున్నీ అంచు మీద పడింది.

కేతన్ చివాలున లేచి కుర్చీ వెనక్కి పోయాడు. ధీరజ్ భాయ్ తలుపు తీసుకుని వచ్చి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "ఎవరు రానిచ్చారు వీణ్ణి లోపలికి" అన్నాడు. ఆగయ్య అప్పటికే నేల మీద కూర్చున్నాడు. తన తువ్వాలుతో ఆ నేల తుడుస్తూ, "మాఫ్ కరో సాబ్, మాఫ్ కరో" అంటున్నాడు. అతనికి బాగా వచ్చిన హిందీ ముక్క అదొక్కటే.

కేతన్ డ్రాయరు లాగి డబ్బా తీశాడు. దగ్గరికి వచ్చి, వంగి తుడుస్తున్న ఆ మనిషి నెత్తి మీద, మెడ మీద, వీపు మీద బుస్సుమని కొట్టడం మొదలుపెట్టాడు. నల్లిమందు కొట్టినట్టు కొట్టాడు. చెమట పట్టిన నెరిసిన జుట్టు మీద ఆ తుంపర్లు సన్నగా మెరిశాయి. ఆగయ్య తల ఎత్తలేదు. కళ్ళల్లో పడిందేమో, మోచేత్తో కళ్ళు ఒత్తుకుని మళ్ళీ తుడవసాగాడు.

"కేతన్ భాయ్, మనిషి ఉన్నాడు అక్కడ" అంది సంధ్యారాణి.

"మనిషి ఉన్నాడనే గదా కొడుతున్నాను" అన్నాడతను.

ధీరజ్ భాయ్ రుమాలు వెనక నవ్వాడు. పెద్ద నవ్వు కాదు. పిల్లలు అల్లరి చేస్తే పెద్దవాళ్ళు నవ్వినట్టు. తర్వాత ఆమె వైపు తిరిగి, "మీవాడే గదా బేటా, నువ్వే శుభ్రం చెయ్. తుడిచే మనిషి రేపు పొద్దున గానీ రాదు" అని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

 సంధ్యారాణి ఉరికి వెళ్ళి ఆ ఎర్రటి సింకు మీద వంగి, అప్పుడే తిన్నదంతా కక్కింది. వక్క తునకల మధ్య తన కక్కు చూసి మళ్ళీ కక్కింది. ముఖం కడుక్కుని, బకెట్టులో నీళ్ళు పట్టుకుని తిరిగి వచ్చింది. అసహ్యం పోయిందా అంటే పోలేదు. నేల తుడుస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టే ఉంది. కానీ చేతుల కింద ఉన్న ఆ పచ్చటి జిగట కంటే, ఆ మనిషి జుట్టులోంచి వస్తున్న గులాబీ వాసన ఆమెకు ఎక్కువ ఓకరింపు తెచ్చింది. ఆగయ్య ఆమె చేతిలోంచి గుడ్డ లాక్కోబోయాడు.

"వద్దు బిడ్డా. నీ చేతులు ఖరాబైతయి. నేను తుడుస్త."

"నువ్వు లే పెద్దబాపు. లేసి నా భుజం పట్టుకో."

హేతల్ బెన్ లేచి వచ్చి అవతలి వైపు పట్టుకుంది. ఇద్దరూ కలిసి అతన్ని మెట్లు దించారు. కింద హేతల్ బెన్ ఆటో ఆపి, తన నీళ్ళ సీసా సంధ్యారాణి చేతిలో పెట్టి, ఆమె ముఖంలోకి చూడకుండా, "నేను పైకి పోవాలి, లేకపోతే అంటారు" అని గబగబా వెళ్ళిపోయింది.

మునిసిపల్ ఆసుపత్రిలో ఆగయ్యను పడుకోబెట్టి సెలైన్ ఎక్కించారు. ఊపిరితిత్తులకు పరీక్షలు రాశారు. సంధ్యారాణి తండ్రికి ఫోన్ చేసింది. సోమలింగం మగ్గం ఆపి, ఉన్నపళాన వచ్చాడు. బల్ల మీద కూతురి పక్కన చోటున్నా కూర్చోలేదు, అలవాటుగా దూరంగా నిలబడ్డాడు. ఆమె జరిగి, "కూసో బాపూ" అంది. కూర్చున్నాడు. ఒక్కొక్కటే చెప్పింది. కేతన్ స్ప్రే కొట్టిన సంగతి కూడా చెప్పింది.

"నేను గూడ కొట్టిన బాపూ. మనోళ్ళు వోయినంక నేను గూడ రోజు కొట్టిన."

సోమలింగం ఆమె చున్నీ మీది మరక చూశాడు. "నువ్వు ఇంటికి వో బిడ్డా. తానం జేయి. ఆగన్న కాడ నేనుంట" అన్నాడు. ఆమె కదలలేదు. చీకటి పడ్డాక ఆగయ్య తమ్ముడి కొడుకు వచ్చేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.

ఇంటికొచ్చి సంధ్యారాణి తల మీదుగా నీళ్ళు పోసుకుంది. చున్నీ పారేసింది. సబ్బు అరిగిపోయేట్టు రుద్దుకున్నా ముక్కులోంచి ఆ గులాబీ పోలేదు. అన్నం ముందు కూర్చుంటే అన్నంలో అదే వాసన. సారక్క ఆ సంగతంతా విని, కూతురు ఇంక ఆ ఆఫీసు గడప తొక్కడానికి వీల్లేదంది. సోమలింగమే మానొద్దన్నాడు.

"కొన్ని రోజులే ఉన్నయి. ఆ కాయిదం లేకుంటె ఏడాది గాయబ్ అయితది. పోయి తెచ్చుకో."

"ఏ మొఖంతోని పోవాలె బాపూ?"

"మొఖం వాళ్ళకు ఉండాలె. నీకేంది?"

ఆమె వెళ్ళింది. వెళ్ళేముందు రాత్రంతా ఏవేవో మాటలు కూడబెట్టుకుంది, వాళ్ళ ముఖాన అడగాలని. తీరా వెళ్తే అక్కడ ఏమీ జరగనట్టే ఉంది. అందరూ ఎప్పటిలాగే టీ తాగుతున్నారు. "డాక్టరమ్మ వచ్చింది" అన్నాడు కేతన్. ధీరజ్ భాయ్ ఎవరో క్లయింట్ పంపిన పేడా మిఠాయి డబ్బా ముందుకు జరిపి, "తీసుకో బేటా, నిన్న కష్టపడ్డావు" అన్నాడు. నిజంగానే ప్రేమగా అన్నాడు. ఆ ప్రేమకే ఆమెకు ఒళ్ళు జలదరించింది. వాళ్ళు చెడ్డపని చేసి దాచుకుంటున్నవాళ్ళయినా బాగుండేది. వాళ్ళకు దాచుకోవాల్సిన పని చేసినట్టే తెలియదు. పేడా వద్దంది. ఉపవాసమా అని అడిగాడాయన.

ఆ రోజు ఎవరో పెద్ద క్లయింట్ ధీరజ్ భాయ్ గదిలో తలుపు తెరిచి కూర్చుని ఉండగా, ఆమె కేతన్ బల్ల దగ్గరికి వెళ్ళి గుజరాతీలో, ఆ గదిలోకి వినబడేంత గట్టిగా అడిగింది. "కేతన్ భాయ్, మీరు తప్పు కొట్టిన ఆ ఈఎస్ఐ పేరు ఎప్పుడు దిద్దుతారు? ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు."

కేతన్ ముఖం మాడ్చుకుని ఫోను పక్కన పెట్టాడు. నాలుగు మీటలు నొక్కాడు. స్కాన్ చేశాడు. మళ్ళీ రెండు మీటలు నొక్కాడు. అరచేతిలో ఒక మావా నలపడానికి పట్టేంతసేపు కూడా పట్టలేదు. "అయిపోయింది, పో" అన్నాడు. అయిపోయినందుకు సంతోషించాలని సంధ్యారాణికి తెలుసు. ఇంత చిన్న పనికా ఆ మనిషిని అన్నిసార్లు ఆ మెట్లెక్కించారనుకుంటే, మళ్ళీ సింకు దగ్గరికి ఉరకాల్సినంత పనైంది.

పేరు దిద్దిన కాగితం తీసుకోవడానికి ఆగయ్య తమ్ముడి కొడుకు వచ్చాడు. మెట్ల దగ్గరే నిలబడి తీసుకుని, చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆగయ్యకు క్షయ అని తేలిందట. మందులు మొదలుపెట్టారట. కాస్త కోలుకోగానే ఊళ్ళో బిడ్డ దగ్గరికి పంపేస్తామన్నాడు.

నెల నిండాక సర్టిఫికెట్ ఇచ్చారు. క్రమశిక్షణ, సహకార స్వభావం, చక్కటి ప్రవర్తన అని అందులో ఉంది. హేతల్ బెన్ లిఫ్టు దాకా వచ్చింది. ఏదో అనబోయి, "బాగా చదువుకో" అని మాత్రం అంది. సంధ్యారాణి తల ఊపింది. ఆమె మీద కోపం తెచ్చుకోవాలో వద్దో తెలియలేదు.

కాలేజీలో మౌఖిక పరీక్ష పెట్టారు. ప్రొఫెసరు, బయటి నుంచి వచ్చిన ఇంకో పెద్దాయన కూర్చున్నారు. ఏం నేర్చుకున్నావని అడిగితే, ముందు వెళ్ళినవాళ్ళందరూ చెప్పిందే ఆమె కూడా చెప్పింది. టీమ్ వర్క్, సమయపాలన, క్లయింట్లతో మర్యాదగా మెలగడం. ఆ చివరి మాట నోట్లోంచి వచ్చాక నాలుక మీద ఏదో జిగటగా అంటుకున్నట్టయింది.

"బాగుంది" అన్నాడు ప్రొఫెసరు. "వచ్చే ఏడాది పిల్లల్ని అక్కడికి పంపొచ్చా?"

"వద్దు సర్. చాలా గలీజు."

ఆయన నవ్వాడు. "పాత కాంప్లెక్సుల్లో వాష్‌రూములు అంతే."

"వాష్‌రూం కాదు సర్. ఒక జబ్బు మనిషి కక్కుకుంటే, ఆయన కూర్చుని ఉండగానే ఆయన మీద రూం స్ప్రే కొట్టారు."

ఇద్దరూ ఆమె వంక చూశారు. బయటి నుంచి వచ్చిన ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ప్రొఫెసరు గొంతు సవరించుకున్నాడు. "మంచి సంగతి కాదు. అయితే రిపోర్టులో ఇలాంటివి రాయలేదు కదా?"

"రాయలేదు సర్."

"మంచిది. తర్వాతి వాళ్ళను పంపు."

మార్కులు బాగానే వచ్చాయి. ఇప్పుడామె మూడో ఏడు చదువుతోంది. ఉధనాలో ఒక కిరాణా హోల్‌సేల్ కొట్టులో సాయంత్రాలు బిల్లులు రాస్తుంది. అక్కడ ఎలుకలున్నాయి, పిండి దుమ్ము ఉంది. నీళ్ళ సీసా ఇప్పటికీ ఇంటి నుంచే పట్టుకెళ్తుంది.

ఈ మధ్య ఒకరోజు కాలేజీ క్యాంటీన్లో రెండో ఏడు పిల్ల ఒకతె వెతుక్కుంటూ వచ్చింది. లింబాయత్‌లో ఉండే మరాఠీ వాళ్ళమ్మాయి. ఆ ఆఫీసులోనే చోటు దొరికిందట. ఇంకెక్కడా దొరకలేదట. సంధ్యారాణి ఆమెను కూర్చోబెట్టి అంతా చెప్పింది. నాలుకతో తడిపే కాగితాల నుంచి ఆగయ్య దాకా, తాను కొట్టిన సంగతి కూడా వదలకుండా. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని విన్నది. విన్నాక కాసేపు బల్ల మీద గోటితో గీస్తూ కూర్చుంది.

"నెలే కదా దీదీ" అంది చివరికి. "మా ఇంటి దగ్గర్నుంచి ఏ బస్సు పోతుంది అటు?"

సంధ్యారాణి చెప్పింది. ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ దిగాలో చెప్పింది. చెప్తుంటే నోరంతా చేదెక్కింది. ముందున్న టీ చల్లారిపోయి పైన మీగడ కట్టింది. దాన్ని పక్కకు జరిపి లేచి క్లాసుకు వెళ్ళిపోయింది.